మా తోట మూల దింపుడు కళ్లం

మొన్న మధ్యాహ్నం ఉప్పల్‌లో మెట్రో దిగి, నాచారం వైపు పోయే షేర్ ఆటోలో ఇద్దరు కాలేజీ పిల్లల మధ్య ఇరుక్కుని ఇంటికి వస్తూ ఉంటే, వెనక నుంచి ఒక వైకుంఠ రథం హారన్ కొట్టుకుంటూ వచ్చి మమ్మల్ని దాటిపోయింది. అద్దాల బండి, పైన బంతిపూల దండలు, లోపల స్పీకర్లో ఏదో భజన, వెనకాల రెండు కార్లు. ఆటోలో పిల్లలు ఫోన్ల మీంచి తల ఎత్తలేదు. వాళ్ళను అనడానికేముంది, రోడ్డు మీద ఎవరూ తల ఎత్తలేదు. నేను మాత్రం మెడ బయటికి చాపి, ఆ బండి మా పాత ఊరి మలుపు దగ్గర, పెద్ద అపార్ట్‌మెంట్ల గేటు ముందు ఒక్క క్షణమైనా ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. స్పీడు బ్రేకరు మీద ఒకసారి ఎగిరి, అదే వేగంతో శ్మశానం వైపు తిరిగిపోయింది. అది ఆగాలని నేనెందుకు అనుకున్నానో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే కాస్త ఓపిక పట్టండి, మనకు మాత్రం అంత తొందర పనులేమున్నాయి కనుక.

ఇప్పుడు ఆ గేటు ఉన్నచోట మా ద్రాక్షతోట ఉండేది. చెబితే ఈ కాలం వాళ్ళు నమ్మరు. ఇప్పుడు ఉప్పల్ అంటే స్టేడియం అంటారు, మెట్రో అంటారు, ఫ్లైఓవర్ పనుల దుమ్ము అంటారు గానీ, నా చిన్నతనంలో ఉప్పల్, నాచారం అంటే పట్నంలో అందరికీ ద్రాక్షపళ్ళే గుర్తుకొచ్చేవి. అనాబ్‌షాహీ గుత్తి ఒక్కటి చేటలో పెడితే చేట నిండేది. రాతి కడీల మీద పందిరి, పందిరి నిండా తీగలు, దాని కింద నడుస్తూ ఉంటే మిట్ట మధ్యాహ్నం కూడా ఒళ్ళు చల్లబడేది. కోతల రోజుల్లో మా నాన్న కోడి కూయకముందే బండి కట్టుకుని మొజంజాహీ మార్కెట్‌కు పోయేవాడు, పొద్దెక్కాక వస్తూ మాకోసం కాగితం పొట్లంలో ఉస్మానియా బిస్కెట్లు తెచ్చేవాడు. మేము పళ్ళు తినీ తినీ మొహం మొత్తి ఉండేవాళ్ళం, ఆ బిస్కెట్ల కోసం మాత్రం కొట్టుకునేవాళ్ళం. చేతిలో ఉన్నది చేదు, పక్కవాడిది తీపి అన్నట్టు ఉండేది మా సంగతి.

ఆ తోటకు రోడ్డువైపున ఒక మూల మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అక్కడ కడీ పాతలేదు, తీగ పాకించలేదు, కంచె కూడా ఆ మూల దగ్గరికి వచ్చి లోపలికి వంగి, దాన్ని బయటికి వదిలేసి పోయేది. అది మా ఊరి దింపుడు కళ్లం. ఊరికీ శ్మశానానికీ సరిగ్గా నడిమధ్యన ఉండేది. ఎవరు పోయినా, ఏ కులం వారైనా, పాడె మోసుకొచ్చేవాళ్ళు అక్కడ దించేవాళ్ళు. డప్పులు ఆగిపోయేవి. పోయినవారి మీద ఎక్కువ మమకారం ఉన్న మనిషి ఒకరు వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, వరస పెట్టి మూడుసార్లు పిలిచేవారు. నాయినా అనో, అక్కా అనో, బిడ్డా అనో. ఒకవేళ ప్రాణం ఏ మూలనో మిణుకుమిణుకుమంటూ ఉంటే ఆ గొంతు విని తిరిగి వస్తుందని ఆశ. పిలుపు స్పష్టంగా వినపడాలనే డప్పు ఆపేది. లేవకపోతే నాలుగు గింజలు చల్లి, మోసేవాళ్ళు భుజాలు మార్చుకుని, పాడె ఎత్తేవాళ్ళు. ఆ తరువాత ఇంక పోయినట్టే. ఇవాళ పరీక్ష తప్పేవాడూ, ఎన్నికల్లో ఓడేవాడూ దింపుడు కళ్లం ఆశ అని తేలిగ్గా అనేస్తుంటారు గానీ, ఆ మాట మాకు నాలుగు గజాల నేల.

మాకు ఆ నేల మీద ఇంకొంచెం ఎక్కువ నమ్మకం ఉండటానికి ఒక కారణం ఉంది. మా నాన్నకు బాబాయి వరస అయ్యే చిన్నతాత ఒకాయన, విషజ్వరంతో పోయాడని పాడె కడితే, అక్కడ కొడుకు పిలిచిన మూడో పిలుపుకు కళ్ళు తెరిచి, చుట్టూ ఉన్నవాళ్ళను చూసి, “ఎవడు సచ్చిండురా?” అని అడిగాడట. నలుగురూ పారిపోయారని కొందరు, కాదు మోసేవాడొకడే పారిపోయాడని కొందరు. ఎలాగైతేనేం, ఆయన ఆ తరువాత చాలాకాలం బతికాడు, నేను ఆయనను చూశాను. పెళ్ళిళ్ళలో వడ్డన ఆలస్యమైతే ఆయనను చూపించి, ఆకలికి ఈయన మళ్ళీ లేస్తాడు, తొందరగా పెట్టండర్రా అని ఏడిపించేవాళ్ళు. సాయంత్రాలు ఆ మూలనే వచ్చి కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. ఇంకెవరికీ అక్కడ కూర్చునే ధైర్యం ఉండేది కాదు. ఆయన మాత్రం అది తన సొంత జాగా అన్నట్టు కాళ్ళు చాపుకునేవాడు.

ఇక మా వదిన సంగతి. మా పెద్దన్న పెళ్ళి చేసుకుని ఆమెను తెచ్చేనాటికి నేను బడికి పోతున్నాను, మా తమ్ముడు ఇంకా పాకుతున్నాడు. ఆమె వచ్చిన కొన్నాళ్ళకే మా అమ్మ పోయింది. అప్పటి నుంచి తమ్ముడు ఆమె చంక దిగలేదు. వాణ్ణి చంకన వేసుకునే ఆమె తోటలో మందు కొట్టించేది, కూలివాళ్ళకు సద్దులు కట్టేది, నీళ్ళు మోసేది. నేను వదినా అని పిలిచేవాణ్ణి, వాడు అమ్మా అని పిలిచేవాడు. ఆమెకు పిల్లలు పుట్టలేదు. ఆ లోటు ఉందని ఎవరైనా అంటే ఊరుకునేది కాదు, చిన్నోడు ఉండంగ నాకేం తక్కువ అనేది. వాడికి అన్నంలో ముద్దలు చేసి పెట్టడం వాడికి మీసాలు వచ్చేదాకా మానలేదు. మేము నవ్వేవాళ్ళం. వాడూ నవ్వేవాడు, కానీ నోరు తెరిచేవాడు.

మా అన్న చిన్న వయసులోనే గుండె ఆగి పోయాడు. ఆడవాళ్ళు ఊరి పొలిమేర దాటి పాడె వెంట రాకూడదు కదా, వదిన మా ఇంటి డాబా మీద నిలబడింది. అక్కడి నుంచి తోట మూల కనపడుతుంది. ఆ రోజు అన్న చెవిలో పిలిచింది నేను. తిరిగి వచ్చి స్నానాలయ్యాక, సాయంత్రం వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె నన్ను దగ్గరికి పిలిచి, తమ్ముణ్ణి చూపిస్తూ, “నువ్వు పిలుస్తుంటె ఈడిదాంక ఇనవడ్డది. నేను వోయిననాడు నన్ను చిన్నోడు పిల్వాలె. వాడు పిలిస్తె నేను లేస్త సూడు. ఇంకేం లేకున్నా వానికి బువ్వ పెట్టనీకెనన్న లేస్త” అన్నది. అంత దుఃఖంలో కూడా ఆ చివరి మాటకు ఆమె పెదవుల మీద కొంచెం నవ్వు వచ్చింది. నేను తల ఊపాను. తమ్ముడు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తున్నాడు.

తరువాత నాన్న కూడా పోయి మేము పంపకాలకు కూర్చున్నప్పుడు, రోడ్డు పక్క ద్రాక్షతోట పెద్దన్న వాటా కింద వదినకే రావాలని పెద్దమనుషులు తేల్చారు. అప్పటికి నేను నాచారంలో ఒక దారాల మిల్లులో పనికి కుదిరాను. సైరన్ కూస్తే పోవడం, సైరన్ కూస్తే రావడం, నెల తిరిగేసరికి జీతం. తమ్ముడికి ఏ పనీ కుదరలేదు. వదిన ఆ తోట చిన్నోడికి రాయమన్నది. తనకు లోపలి మెట్ట చెలక చాలన్నది. పెద్దమనుషులు రెండుసార్లు అడిగారు, ఆమె రెండుసార్లూ అదే చెప్పింది. ఒక్కటే షరతు పెట్టింది, ఆ మూల మాత్రం ఎన్నటికీ ముట్టుకోవద్దని. వాడు అందరి ఎదుటా ఆమె చేతిలో చెయ్యేసి, “అమ్మా, నీ మీద ఒట్టు” అన్నాడు. ఆ కాలంలో చేతిలో చెయ్యేశాక ఇంక ఏ కాగితమూ అడిగేవాళ్ళు కాదు.

ఆ తరువాత పట్నం పెరిగిన సంగతి నేను చెప్పనక్కర్లేదు. తీగలకు తెగులు పట్టింది, బావులు ఎండాయి, ఫ్యాక్టరీలు వచ్చాయి, కొన్ని మూతపడ్డాయి కూడా, మా మిల్లుతో సహా. మూసీ వైపు గడ్డి కోసి బర్రెలవాళ్ళకు అమ్ముకునేవాళ్ళ మడులు పోయి కాలనీలు వచ్చాయి. రామంతాపూర్, నాగోల్, మల్కాజిగిరి, ఒకప్పుడు వేరు వేరు ఊళ్ళు, మధ్యలో చేలు. ఇప్పుడు ఏది ఎక్కడ మొదలవుతుందో ఆటోవాడికి కూడా తెలియదు. తమ్ముడు తోటను ఒక బిల్డరుకు డెవలప్‌మెంట్‌కు ఇచ్చాడు. భూమి వాడిది, కట్టడం బిల్డరుది, వాటాకు వాడికి కొన్ని ఫ్లాట్లు. అందులో ఒకటి పెట్టుకుని వాడు పెళ్ళాం పిల్లలతో పై అంతస్తులో కాపురం పెట్టాడు. వదినను రమ్మన్నాడు. లిఫ్టు ఎక్కితే కళ్ళు తిరుగుతాయని ఆమె మా ఇంట్లోనే ఉండిపోయింది. గృహప్రవేశంనాడు ఆమె మొదట చూసింది ఆ మూలనే. అది అప్పటికింకా మట్టిగానే ఉంది. గేటుకు బయట, రోడ్డుకు లోపల. ఆమె ముఖం వెలిగిపోయింది.

ఇక ఆ ఫ్లాట్లు నిండిన కొద్దీ కొత్తవాళ్ళకూ మాకూ మొదలైంది. బోనాల డప్పు ఎక్కువైందని వాళ్ళు, వాళ్ళ కుక్కలు మా అరుగుల మీద పాడు చేస్తున్నాయని మేము. బర్రెలు రోడ్డు మీదికి వస్తున్నాయని వాళ్ళు, బర్రెల దారిలోకి రోడ్డు వచ్చిందని మేము. మేము వచ్చాకే ఈ ఏరియాకు ఒక విలువ వచ్చింది, అంతకుముందు ఇక్కడేముంది అని ఒకాయన టీ కొట్టు దగ్గర అంటే, ద్రాక్ష ఉండె, నువ్వు తినలే అని మా బావ ఒకడు ఎదురు తగులుకున్నాడు. నేనూ తక్కువ తినలేదు. షేర్ ఆటోలో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళ ముందు ఈ కొత్తవాళ్ళను ఏకిపారేసేవాణ్ణి. నీళ్ళ ట్యాంకర్ల దగ్గర నుంచి పార్కింగు దాకా నా దగ్గర పెద్ద దండకం ఉండేది. నిజానికి అందులో సగం సరదా. రిటైరైనవాడికి కోపం కూడా ఒక కాలక్షేపమే.

సరదా ఆగిపోయింది ఒక పాడె దగ్గర. మా వాడకట్టులో ఒక ముసలాయన పోతే మోసుకొచ్చి మామూలుగా ఆ మూల దింపబోయేసరికి, అక్కడ మట్టి లేదు. నున్నటి బండలు పరిచి, పెద్ద పెద్ద కుండీల్లో మొక్కలు పెట్టి, ఒక పక్కగా కాపలావాడి గది కట్టారు. పాడెను రోడ్డు మీదే దించాల్సి వచ్చింది. వెనక కార్లు హారన్లు. కాపలావాడు విజిల్ ఊదుతున్నాడు, పాపం వాడి తప్పేమీ లేదు, వాడికి మన భాషే రాదు. ఆ హారన్లలో ఆ ముసలాయన కొడుకు ఏం పిలిచాడో మాకే వినపడలేదు, ఇక ఆయనకేం వినపడుతుంది. ఆ తరువాత మా వాళ్ళు కొందరు పాడె మానేసి వైకుంఠ రథం మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎందుకొచ్చిన పంచాయితీ అని. నేను మాత్రం కొత్తవాళ్ళు మా చచ్చినవాళ్ళను కూడా వదలలేదని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. తమ్ముణ్ణి అడిగితే, అసోసియేషన్ వాళ్ళు వినరన్నా, నేను చెప్పి చూశాను అన్నాడు. వాణ్ణి నమ్మకపోవడానికి నాకేం కారణం ఉంది?

అప్పటికి వదిన మంచం పట్టింది. దవాఖానాలో కొన్నాళ్ళు పెట్టి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమెకు మూల సంగతి ఎవరూ చెప్పలేదు. అయినా ఎట్లా తెలిసిందో తెలిసింది. ఆ మనిషి జీవితంలో ఎవరినీ ఏదీ అడగలేదు, ఉన్నది ఇచ్చేయడమే తప్ప. అటువంటిది ఒక పొద్దున నేను మందు వేయబోతే చెయ్యి పట్టుకుని, “నన్ను గీ రోడ్డు మీద హారన్లల్ల దింపకుండ్రి. నా జాగల దింపుండ్రి. చిన్నోనికి జెప్పు” అన్నది. నేను ఆ సాయంత్రమే నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో మీటింగుకు పోయాను. అవసరమైతే కాళ్ళు పట్టుకుందామనే పోయాను.

అక్కడ ఏసీ గదిలో ప్లాస్టిక్ కుర్చీల్లో చాలామంది కూర్చుని ఉన్నారు. తమ్ముడు రెండో వరసలో ఉన్నాడు. మమ్మల్ని చూసి తల వంచుకున్నాడు. అభిమానపడుతున్నాడని అనుకున్నాను. నేను లేచి, నా చేతనైనంత మర్యాదగా, దింపుడు కళ్లం అంటే ఏమిటో, ఆ మూల ఎప్పటినుంచి ఉందో, మా వదిన పరిస్థితి ఏమిటో చెప్పి, ఆ ఒక్క పూటకు కుండీలు పక్కకు జరిపి ఒక్క పది నిమిషాలు చోటివ్వమని అడిగాను. ఒక అమ్మాయి, ఏదో కంపెనీలో పనిచేసే మనిషి, పిల్లలు స్కూలు బస్సు అక్కడే ఎక్కుతారు, భయపడతారు కదండీ, వేరే టైములో పెట్టుకోవచ్చు కదా అన్నది. మా బావకు కోపం వచ్చి, సావుకు టైం గూడ మిమ్మల్నే అడుగుమంటారా అన్నాడు. గొడవ పెరగబోయింది.

అప్పుడు ముందు వరసలో ఉన్న అసోసియేషన్ అధ్యక్షుడు లేచాడు. బ్యాంకులో చేసి రిటైరైన పెద్దాయన, గోదావరి వైపు నుంచి వచ్చి కూతురి దగ్గర స్థిరపడ్డవాడు. నేను టీ కొట్టు దగ్గర ఎన్నిసార్లు తిట్టుకున్నానో ఆయన్ను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “మా ఊళ్ళోనూ ఉందండీ ఈ పద్ధతి. మా నాన్నగారిని నేనే పిలిచాను. కానీ ఇక్కడ ఆ చోటు ఇదని మాకెవరు చెప్పారండీ? కుండీలు పెట్టేముందు అడిగాం కదా. ఊరివాళ్ళు దాన్ని ఎప్పుడో వేరేచోటికి మార్చుకున్నారని, ఇక్కడ అటువంటిదేమీ లేదని మీ తమ్ముడుగారే చెప్పారు. వాచ్‌మన్ గది అక్కడ కట్టమన్నదీ ఆయనే” అన్నాడు.

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు ఫోను చూసుకుంటున్నాడు. నాకు ఆ క్షణంలో కోపం రాలేదు, సిగ్గు వచ్చింది. ఇంతమంది పరాయివాళ్ళ ముందు నా రక్తం గురించి పరాయివాడు నాకు చెప్పాల్సి వచ్చిందే అని. ఆ పెద్దాయన ఇంకేమీ పొడిగించకుండా, ఆ రోజు మేమే దగ్గరుండి కుండీలు తీయిస్తాం, కార్లు వెనక గేటు నుంచి పంపిస్తాం, మీరు నిశ్చింతగా రండి అన్నాడు. స్కూలు బస్సు గురించి అడిగిన అమ్మాయి నా దగ్గరికి వచ్చి, సారీ అండీ, నాకు తెలియదు అన్నది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టాను.

బయటికి వచ్చాక మెట్ల దగ్గర తమ్ముణ్ణి ఆపాను. వాడికి అరవై దగ్గరపడుతున్నా నా కంటికి ఇంకా చంకలో పిల్లవాడే. ఎందుకు చేశావురా అన్నాను. వాడు చుట్టూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకున్నాక, “ఇంక నాయి రెండు ఫ్లాట్లు అమ్ముడువోలేదన్న. గేటు ముంగట పాడెలు దింపుతరంటె ఎవడు కొంటడు? గట్లనే కాదు, నన్నీడ అందరు సార్ అంటరు. నాకొక ఇజ్జత్ ఉన్నది. ఎన్నేండ్లన్న గీ డప్పులు, గీ గింజలు, గీ ఊరోళ్ళ లెక్కన బతకాలె?” అన్నాడు. ఊరోళ్ళు. ఆ మాట నేను కొత్తవాళ్ళ నోట ఒక్కసారి కూడా వినలేదు. అమ్మకు మాటిచ్చావు కదరా అన్నాను. వాడు లిఫ్టు బటన్ నొక్కాడు.

ఇంటికి వచ్చి వదినతో, మూల ఇస్తామన్నారు అని మాత్రం చెప్పాను. ఆమె కళ్ళు మూసుకునే, “చిన్నోడే ఒప్పిచ్చి ఉంటడు” అన్నది. ఎంత తృప్తిగా అన్నదంటే, నేను మంచినీళ్ళు తెచ్చే నెపంతో అక్కడి నుంచి లేచిపోయాను. ఆమెను ఆ నమ్మకంతోనే పోనిచ్చాను. ఇప్పటికీ అది సరైన పనే అనుకుంటాను.

ఎక్కువ రోజులు లేదు. ఆమె పోయిననాడు తమ్ముడు వచ్చాడు. ఏడ్చాడు కూడా, ఆ ఏడుపు దొంగ ఏడుపని నేననను. కొడుకు లేడు కనుక అగ్గికుండ వాడే పట్టాలని పెద్దలన్నారు, పట్టాడు. వాడు ముందు, వెనక పాడె, పాడెకు ఒక పక్క నేను. అపార్ట్‌మెంట్ల దగ్గరికి వచ్చేసరికి, ఆ బ్యాంకు పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు. కుండీలు లేవు. బండలు కడిగి ఉన్నాయి. ఒక్క కారు లేదు. గేటు లోపల పదిహేను ఇరవై మంది చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పైన బాల్కనీల్లో ఇంకా చాలామంది. మేము పాడె దించాము. డప్పు ఆగింది. అంత పెద్ద రోడ్డు పక్కన అంత నిశ్శబ్దం నేను చిన్నప్పుడే విని ఉంటాను, మళ్ళీ ఆ రోజే విన్నాను.

ఇక వాడు రావాలి. వాడు కుండ పట్టుకుని కొంత ముందుకు పోయి మలుపు దగ్గర ఆగి ఉన్నాడు, మాకు వీపు పెట్టి. మా కులపెద్ద పిలిచాడు, రా నాయినా, వచ్చి అమ్మను పిలువు అని. వాడు కదలలేదు. రెండోసారి గట్టిగా పిలిచాడు. వాడి భుజాలు కొంచెం బిగుసుకోవడం నాకు కనపడింది, కానీ తిరగలేదు. ఆ బాల్కనీల కింద, తనను సార్ అని పిలిచే మనుషుల కళ్ళ ముందు, నేల మీదికి వంగి ఒక పల్లెటూరి ముసలామె చెవిలో అమ్మా అని అరవడం వాడికి చేతకాలేదు. ఆ పైనున్న మనుషులేమో వాడు పిలవాలనే ఎదురుచూస్తున్నారు, అది నేను చూస్తూనే ఉన్నాను. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. గేటు దగ్గర పెద్దాయన నా వైపు చూసి, ఏం చేయాలో తోచక, తల దించుకున్నాడు.

చివరికి నేనే వంగాను. వదినా, వదినా, వదినా అని పిలిచాను. గింజలు చల్లాము. పాడె ఎత్తాము. తరువాత ఎప్పుడో, పన్నెండోనాటి భోజనాల దగ్గర, వాడంతట వాడే నా పక్కకు వచ్చి, నాకు ఇనవడలేదన్న అన్నాడు. డప్పు ఆగి ఉన్నదిరా అన్నాను. అంతకు మించి నేను వాడితో మాట్లాడింది లేదు.

ఇప్పుడు కుండీలు మళ్ళీ యథాస్థానంలోకి వచ్చాయి. దానికి ఎవరినీ తప్పు పట్టను, మేమే ఇంక పాడెలు మోయడం లేదు. మా పాత వాడకట్టులోనూ సగం మంది ఇళ్ళు అమ్ముకుని పోయారు, ఉన్నవాళ్ళలో భుజాలున్నవాళ్ళు తక్కువ. టీ కొట్టు దగ్గర మా ఈడువాడు ఎవడైనా, ఈ కొత్తోళ్ళొచ్చి ఊరిని పాడు చేసిండ్రు అని మొదలుపెడితే, ఒకప్పుడు నేను ఎత్తుకునే పాటే అది, కానీ ఇప్పుడు నాకు నోరు రాదు. బ్యాంకు పెద్దాయన అటుగా వస్తే జరిగి చోటిస్తాను. ఇద్దరం కలిసి చాయ్ తాగుతాం. పట్నం పెరగడం, తోటలు పోవడం, ఊరి పేరు ఒక మెట్రో స్టేషన్ పేరుగా మిగలడం, వీటన్నిటినీ నేను ఎట్లాగో ఓర్చుకున్నాను. ఆ రోజు మలుపు దగ్గర కనిపించిన ఆ వీపును మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను. పోయినవాళ్ళకు మన గొంతు వినపడుతుందన్న నమ్మకంతోనే కదా మన పెద్దలు అక్కడ ఆగి, డప్పు ఆపి, పిలిచింది. ఆ నమ్మకం నిజమే అయితే, వాడు పిలవలేదన్న సంగతి కూడా మా వదినకు వినపడే ఉంటుంది.